రేవు బైబిలమ్మ

పుణ్యవతికి ఆ పేరు పెట్టింది కన్నవాళ్ళు కాదు. గంజాం జిల్లాలో కరువు వచ్చిన ఏడు, అంటే వెయ్యిన్ని ఎనిమిది వందల ఎనభై తొమ్మిదిలో, దిగపహండి అవతలి పల్లె నుంచి ఒక తల్లి అయిదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని బరంపురానికి నడిచి వచ్చింది. అక్కడ మిషను దొరలు గంజి పోస్తున్నారని దారిలో ఎవరో చెప్పారు. తల్లి పందిరి దాకా రాగలిగింది గాని వరసలో నిలబడలేకపోయింది. పిల్ల ఒక్కతే వెళ్ళి ముంతలో గంజి పట్టుకొచ్చేసరికి తల్లి గోడ వారన పడుకుని ఉంది. కదిపినా కదల్లేదు. పిల్ల కాసేపు పక్కన కూర్చుని చూసింది. తర్వాత ఆ గంజి తనే తాగేసింది.

అప్పటి నుంచి మిషనువారి అనాథ బాలికల ఇల్లే ఆమె ఇల్లు. తల్లి తనను అమ్మడూ అని పిలిచేదని మాత్రం గుర్తుంది. అది పేరో ముద్దుమాటో చెప్పేవాళ్ళు లేరు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పుణ్యవతి అని పెట్టారు. ఆ ఇంట్లో ఆమె తెలుగూ ఒడియా రెండూ చదవడం నేర్చుకుంది, కుట్టుపని నేర్చుకుంది. రోజూ రెండు పూటలా అన్నం పెట్టే ముందు కళ్ళు మూసుకోమనేవాళ్ళు. కళ్ళు తెరిచేసరికి కంచంలో అన్నం ఉండేది. దేవుడు ఉన్నాడనడానికి ఆ వయసులో ఆమెకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

ఇరవై ఏళ్ళు దాటాక ఆమెను గోపాల్‌పూర్ జాలరిపేటలో పైడయ్యకు ఇచ్చి పెళ్ళి చేశారు. పైడయ్య రేవులో పడవ కళాసి. రంగూన్‌కి, రేవు మాటలో రంగానికి, వెళ్ళే పొగఓడ దూరంగా లంగరు వేస్తే, ఒడ్డు నుంచి మనుషుల్నీ సరుకునీ కెరటాల మీదుగా దాని దాకా చేర్చే పని. పెళ్ళికి ముందే ఒకసారి పడవకీ ఓడకీ మధ్య కాలు నలిగి, మిషను ఆసుపత్రిలో చాలాకాలం పడుకున్నాడు. కాలు తీసేయకుండానే నయం చేశారు. అక్కడి నుంచి వచ్చాక అతను మతం పుచ్చుకున్నాడు, అతని వెనక అన్నదమ్ములూ, వాళ్ళ వెనక ఇంకొందరూ. కొన్నేళ్ళలో పేట చివర తొమ్మిది గడపలు క్రైస్తవులయ్యాయి. తాటాకులు కప్పి ఒక ప్రార్థన పాక వేసుకున్నారు. బరంపురం నుంచి ఎడిత్ దొరసాని ఎడ్లబండిలో వచ్చి వారం వారం ప్రార్థన చేయించేది. తక్కిన రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించే పని పుణ్యవతికి అప్పజెప్పింది.

పేట ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతూ, వల చిక్కులు తీస్తూ ఆమె చదివింది వినేవాళ్ళు. కొందరు ఆసక్తితో, కొందరు చేతులు ఊరికే ఉండవు కదా అని. మతం మారనివాళ్ళు కూడా ఆమెను బైబిలమ్మా అనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపులో కొంత వేళాకోళం, కొంత గౌరవం ఉండేవి. కొద్ది కాలానికి ఆమె నోట్లో మిషను తెలుగు పోయి రేవు మాట వచ్చేసింది.

జర్మనీతో యుద్ధం మొదలైన మరుసటేడు, జయపురం కొండల వైపు పనిచేసే జర్మను పాదిరీలను పోలీసులు పట్టుకుపోయారన్న కబురు రేవుకు చేరింది. పేటలో అందరూ దాన్ని గురించే మాట్లాడుకున్నారు. పాదిరీని పట్టుకుపోయే పోలీసు ఉంటాడని వాళ్ళెప్పుడూ అనుకోలేదు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరూ వింటూ ఉండగా పుణ్యవతి దొరసానిని అడిగింది.

"అమ్మగారూ, ఆ జర్మనీవోలు ఏ దేవుడికి మొక్కుతారు?"

"మన దేవుడికే."

"మరి మీవోలు?"

"ఇద్దరమూ ఒకే దేవుడికి, పుణ్యవతీ."

"ఇద్దరూ గెలిపించమనే అడుగుతారు గదా. ఆయన ఎవులి మాట ఇంటాడు?"

దొరసాని తమ్ముళ్ళిద్దరు అప్పటికే పటాలంలో ఉన్నారు. "దాన్ని గురించి మళ్ళీ మాట్లాడుకుందాం" అని గొడుగు తీసుకుని బండి ఎక్కింది. పుణ్యవతి తప్పు పట్టాలని అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. జవాబు రాకపోయేసరికి ఇంటింటా జనం తనను అడగడం మొదలుపెట్టారు.

యుద్ధం ముగిసే ఏడు జ్వరం వచ్చింది. వానలు సరిగా పడని ఏడు అది. ముందు రేవులో దిగినవాళ్ళకు వచ్చింది, తర్వాత పేటంతా పాకింది. పొద్దున్న పడవ తోసిన మనిషి మర్నాటికి లేవలేని రోజులు. పైడయ్యా, ఆరేళ్ళ కూతురూ ఒకే వారంలో పోయారు. పదేళ్ళ కొడుకు దానియేలు ఒక్కడు మిగిలాడు. ప్రార్థన పాకలో మోకరించినవాళ్ళూ పోయారు, అమ్మవారికి కోడిని కోసినవాళ్ళూ పోయారు. పుణ్యవతి భర్తనూ కూతుర్నీ సరుగుడు చెట్ల పక్క ఇసుకలో, క్రైస్తవులకు వదిలిన చోట పాతిపెట్టించి, మూడో రోజు నుంచి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి జబ్బుపడ్డవాళ్ళకు నీళ్ళు తాగించింది. చదవడానికి మాత్రం పుస్తకం తీసుకెళ్ళలేదు.

ఆమె తోడికోడలు దేముడమ్మ, పైడయ్య తమ్ముడి భార్య, ఆమెను అప్పా అని అక్క వరసతో పిలిచేది; ఆ రోజుల్లోనే ఒక మాట అంది.

"సావు అటోలనీ ఇటోలనీ ఒక్కలాగే అట్టుకెల్లిపోనాది అప్పా. మనకేటి ఒరిగింది?"

"నాకు తెల్దే" అంది పుణ్యవతి.

మరుసటేడు ఎడిత్ దొరసాని స్వదేశం వెళ్ళిపోవడానికి గోపాల్‌పూర్ వచ్చింది. తమ్ముళ్ళిద్దరూ యుద్ధంలో పోయారు. ఇంటి దగ్గర తల్లి ఒక్కతే ఉంది. దొరసాని మనిషి బాగా చిక్కిపోయింది. పడవ సిద్ధమయ్యేదాకా ఇసుకలో పెట్టె మీద కూర్చుని పుణ్యవతిని పక్కన కూర్చోమంది. అంతకు ముందెప్పుడూ అలా కూర్చోబెట్టుకోలేదు.

"మా ఊరి గుడి చాలా పెద్దది, పుణ్యవతీ. మా తాతగారి కాలంలో లోపల చోటు చాలక జనం మెట్ల మీద నిలబడేవారట. ఇప్పుడు మా అమ్మా, మరికొందరు ముసలివాళ్ళూ వెళుతున్నారు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రవాళ్ళు లోపలికి రావడం లేదని అమ్మ రాసింది."

"ఎందుకు రారమ్మగారూ?"

"వాళ్ళు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేకపోతున్నారు."

"ఏటడుగుతున్నారు?"

"నువ్వు అడిగిందే."

తనకు దేవుణ్ణి ఇచ్చిన దేశంలోనే ఇలా ఉందంటే పుణ్యవతికి మొదట నమ్మబుద్ధి కాలేదు. "మల్లీ వస్తారా?" అని అడిగింది. దొరసాని తల అడ్డంగా ఊపింది. పడవవాళ్ళు కేక వేశారు. కెరటం తీసే సమయం చూసి పడవ తోశారు. దొరసాని అంచు పట్టుకుని ముందుకే చూస్తూ వెళ్ళిపోయింది.

తర్వాత మిషను నుంచి ఎవరూ వారం వారం రాలేదు. బరంపురం సంఘం పాదిరి లక్ష్మణరావు నెలకోసారి, ఆపైన వీలైనప్పుడు వచ్చేవాడు. ఆదివారం పొద్దున్న పాకలో నలుగురు కూర్చుని పాట మొదలుపెడితే, అవతల ఒడ్డున హోటలుకు విడిదికి వచ్చిన దొరలూ దొరసానులూ సముద్రంలో మునుగుతూ నవ్వుకోవడం వినిపించేది. వాళ్ళకు కెరటాల్లో చెయ్యి పట్టుకుని స్నానం చేయించే పని పేట కుర్రాళ్ళది. ఆదివారం ఆ పనికి గిరాకీ ఎక్కువ. కాబట్టి కుర్రాళ్ళు ప్రార్థనకు రావడం మానేశారు. రమ్మని పిలిస్తే, "దొర్లే మానీసినారు గదా అమ్మా" అనేవాళ్ళు. అందులో ఎగతాళి కూడా లేదు. చూసిందే చెప్పారు.

గడపలు ఒక్కొక్కటీ వెనక్కి, పాత కులంలోకి, వెళ్ళడం అప్పుడే మొదలైంది. ఎవరూ దేవుడితో తగువు పెట్టుకుని వెళ్ళలేదు. ఒడ్డు నుంచి లాగే పెద్ద అలివి వలకు యాభై అరవై చేతులు కావాలి. ఆ వలలో వాటా ఎవరికన్నది కాసులు అనే కులపెద్ద చేతిలో ఉండేది. మిషను ఆసరా ఉన్నన్నాళ్ళు క్రైస్తవులను పక్కన పెట్టడానికి అతను జంకాడు. ఆ ఆసరా పోయాక జంకలేదు. పిల్లలకు సంబంధాలు దొరకడం ఇంకో కష్టం. తొమ్మిది గడపల్లో ఎవరిని ఎవరికిచ్చినా వరస కుదరదు, బరంపురం క్రైస్తవులు జాలర్లతో వియ్యమందరు. కాసులు చెడ్డవాడేమీ కాదు. వెనక్కి వచ్చినవాళ్ళను అవమానించకుండా కలుపుకున్నాడు. దేముడమ్మ ఇల్లు కూడా వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రోజు ఆమె వచ్చి పుణ్యవతి గుమ్మంలో చాలాసేపు కూర్చుని ఏడ్చి లేచి వెళ్ళింది.

దానియేలు పదహారో ఏట రంగం వెళ్ళాడు. అక్కడ ధాన్యం మిల్లులో బస్తాలు మోసి, నాలుగేళ్ళకు తిరిగి వచ్చాడు. మీసం వచ్చింది, మాట తక్కువైంది. వచ్చిన కొద్దిరోజులకే కాసులు మేనకోడలు ముత్యాలును పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆ పెళ్ళి కావాలంటే ముందు కులంలో కలవాలి. తల్లితో ఆ మాట చెప్పడానికి అతనికి చాలా రోజులు పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం, ఆమె చేపలు ఆరబెడుతుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"రంగంలో మిల్లు ఎదర దొర్ల గుడి ఉన్నాదమ్మా. నాలుగేల్లు సూసినాను. ఆదివారం బల్లలన్నీ కాలీ. దొర్లందరూ క్లబ్బులో ఉంతారు. మనకి ఒగ్గీసి ఆలు ఎల్లిపోనారు. నాకు పెల్లాం పిల్లలూ వద్దా?"

"వద్దని ఎవులన్నారు?"

"నువ్వూ రా అమ్మా. ఒక్క పూట పని. తానం సేయిత్తారు, ఏదో తాగమంతారు, అంతే. అందరూ సేసినదే."

"నువ్వు ఎల్లు నాయనా. నాను రాను."

"రాకపోతే నీ పొయ్యి నా పొయ్యి వేరైపోతాయి. నీ సేత్తో మంచినీల్లు తాగనివ్వరు నన్ను."

"తెలుసు."

అతనికి కోపం వచ్చింది. బహుశా తల్లి ఏడిస్తే, తిడితే అంత కోపం వచ్చేది కాదు. లేచి వెళ్ళిపోయాడు.

కులంలో కలిపేటప్పుడు అతని తల గొరిగించి, సముద్రంలో ముంచి, నాలుక మీద కాల్చిన బంగారు తీగ తాకించారు. దానియేలన్న పేరు తీసేసి, పైడయ్య తండ్రి పేరు కొండలు అని పెట్టారు. పుణ్యవతి దూరంగా పడవ నీడలో నిలబడి చూసింది. ఆ సాయంత్రమే తన చాపా కుండా పట్టుకుని ప్రార్థన పాకలోకి మారిపోయింది. ఇల్లు కొడుక్కి వదిలింది.

పెళ్ళయ్యాక కోడలు ముత్యాలు రోజూ అత్తకు కూడు తెచ్చేది. పాక బయట అరటాకులో పెట్టి వెనక్కి జరిగేది. నీళ్ళు తెస్తే తన బిందె తగలకుండా ఎత్తు నుంచి అత్త కుండలో పోసేది. ముత్యాలు మంచి పిల్ల. అలా పోస్తున్నప్పుడు ఆమె ముఖం పక్కకి తిప్పుకునేది. మనవరాలు పుట్టింది. పాకుతూ పాక వైపు వస్తే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి ఎత్తుకుపోయేవాళ్ళు. పుణ్యవతి చేతులు ఒడిలో పెట్టుకుని చూసేది.

దేముడమ్మ అది చూడలేకపోయింది. ఒక రోజు పాక గుమ్మం బయటే నిలబడి నిష్టూరంగా అడిగింది.

"ఎవులి కోసం అప్పా ఇదంతా? దొరసాని రాదు. నీ కొడుకే రాడు. నువ్వు మాత్తరం దేవుడి కోసం వచ్చినావేటి? గంజి కోసం వచ్చినావు, మాము మందు కోసం వచ్చినట్టు."

"గంజికే వచ్చినాను. అబద్దమెందుకు?" అంది పుణ్యవతి. "మాయమ్మ గోడ కాడ సచ్చిపడుంటే ఆ గంజి నాను తాగినాను. ఆ తరవాత ఇంకెవులి కాడికీ ఎల్లాలనిపించలేదు. అది బక్తో కాదో నాకు తెల్దు దేముడమ్మా. నన్ను అడక్కు."

"మరి నీకు ఇనబడతాడా ఆయన?"

"సిన్నప్పుడు ఇనబడినట్టుండేది. మీ బావ పోనప్పటి నుంచీ లేదు."

దేముడమ్మ ఆ మాటకు నిర్ఘాంతపోయి చూసింది. లోపల ఏదో గట్టి నమ్మకం ఉండబట్టే ఈవిడ ఇంత బాధ పడుతోందని అంతవరకూ ఆమె అనుకుంది.

పుణ్యవతికి చూపు మందగించాక లక్ష్మణరావు పాదిరి ఆమెను బరంపురం తీసుకెళ్ళాడు. ఊరి చివర హల్దియాపదర్‌లో సంఘంవాళ్ళు విధవరాండ్రకు ఇచ్చిన గదుల్లో ఒకటి ఆమెకు ఇప్పించాడు. అతనిది నిజంగా దయే. మొదటి ఆదివారం ఆమె గుడిలో అడుగుపెట్టి ఆశ్చర్యపోయింది. బల్లలు నిండుగా ఉన్నాయి. కచేరీ గుమాస్తాలు, బడి పంతుళ్ళు, నర్సులు, ఇస్త్రీ చేసిన బట్టల్లో పిల్లలు. దొరసాని చెప్పింది ఇక్కడికి ఇంకా రాలేదని ఆమెకు సంతోషం వేసింది. ప్రార్థనంతా ఒడియాలో జరిగింది. తర్వాత గుడి బయట అందరూ కొత్త రాష్ట్రం గురించి మాట్లాడుకున్నారు. గంజాం మద్రాసు నుంచి విడిపోతే ఉద్యోగాలు ఒడియావాళ్ళకా తెలుగువాళ్ళకా, సంఘం పెత్తనం ఎవరికి అన్నది మాట. భారతీదేవి అనే పంతులమ్మ మర్యాదగానే ఆమె దగ్గరికి వచ్చి, "వచ్చే వారం నుంచి వెనక వరండాలో కూర్చోండమ్మా, మీకు గాలి తగులుతుంది" అంది. ఎండుచేపల వాసన తన చీరలో ఇంకా ఉందని పుణ్యవతికి అప్పుడు అర్థమైంది.

ఆ గదుల వెనక పాకీ పనివాళ్ళ గుడిసెలు ఉండేవి. వాటిలో ఒక ముసల్ది విరేచనాలు పట్టుకుని చావుబతుకుల్లో ఉంటే, పుణ్యవతి సంఘంవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎవరైనా వచ్చి కాస్త చూడమని బతిమాలింది. ఆ రోజు సంఘం పెద్దల ఎన్నిక. ఎన్నిక అయ్యాక వస్తామన్నారు. ఆమె ఒక్కతే వెళ్ళి, ఆ ముసలిదాన్ని కడిగి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముసల్ది ఒడియాలో అడిగింది, నువ్వు నా కూతురివా అని. ఔనంది పుణ్యవతి. సాయంత్రానికి ముసల్ది పోయింది. ఎన్నికలో తగువు వచ్చి, ఆ రోజు ఎవరూ రాలేదు.

వారం తిరక్కుండా పుణ్యవతి మూట కట్టుకుంది. లక్ష్మణరావు అడ్డుపడ్డాడు.

"గోపాల్‌పూర్‌లో మీకెవరున్నారమ్మా? ఆ పాకకు ఎవరు వస్తారు?"

"ఎవులూ రారు అయ్యగారూ."

"మీకు చూపు కూడా ఆనదు. చదవనైనా లేరు."

"సదవను. కూకుంతాను."

"ఇక్కడ కూర్చోవచ్చు కదా."

ఆమె మూట చంకన పెట్టుకుని గుమ్మం దిగింది. అతనే జట్కా మాట్లాడి ఎక్కించాడు.

ఆ తర్వాత మూడేళ్ళు ఆమె పాకలోనే ఉంది. ఆదివారం ఏదో, సోమవారం ఏదో లెక్క తప్పిపోయింది. పొద్దున్నే ఊడ్చుకుని, పాకలో మిగిలిన ఒక్క బల్ల మీద కూర్చునేది. ప్రార్థన చేస్తోందో, ఊరికే కూర్చుందో చూసినవాళ్ళకు తెలిసేది కాదు. పందొమ్మిది వందల ముప్పై అయిదులో, వానాకాలంలో, జ్వరం తగిలింది. ఆకులో పెట్టిన కూడు అత్త రెండు రోజులు ముట్టకపోవడం చూసి, ముత్యాలు మూడో రోజు పేటంతా చూస్తుండగానే లోపలికి వెళ్ళింది. అత్తను తన ఒళ్ళోకి తీసుకుని నీళ్ళు పట్టింది.

"ఎల్లిపో, నిన్ను ఎలేస్తారు" అంది పుణ్యవతి.

"ఎలేస్తే ఎలేసినారు, తాగత్తా" అంది ముత్యాలు.

రెండు గుక్కలు దిగాయి. ఆ మధ్యాహ్నమే ఆమె పోయింది.

కొడుకు కొండలు వానలో బరంపురం నడిచి వెళ్ళాడు. పాదిరి ఏదో సభ కోసం రసెల్‌కొండ వెళ్ళాడని, ఎప్పుడు వచ్చేదీ తెలియదని చెప్పారు. అతను ఒక్కడే తిరిగి వచ్చాడు. పేట శ్మశానంలో ఆమెకు చోటు లేదని అతనికి ముందే తెలుసు. కాసులును అడగనూ లేదు. పైడయ్యను పెట్టిన చోట, సరుగుడు చెట్ల పక్క, తనే గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతుంటే ముగ్గురు వచ్చి పారలు అందుకున్నారు. ముగ్గురూ చిన్నప్పుడు ఆ పాకలో బాప్తిస్మం పొందినవాళ్ళే. ఇప్పుడు ముగ్గురి మెడల్లోనూ అమ్మవారి తాయెత్తులు ఉన్నాయి. ఆ నలుగురే ఆమెను మోశారు.

గోతిలో దించాక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఏదో చదవాలని తెలుసు. పాట పాడాలని తెలుసు. వెనకాల తడుస్తూ వచ్చిన దేముడమ్మ ముందుకు జరిగి, కళ్ళు మూసుకుని, పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ప్రయత్నించలేదు. కొండలు ఇసుక తోశాడు. మోసినవాళ్ళను స్నానం చేసి ఇళ్ళకు పొమ్మని కాసులు కబురు పెట్టాడు, అంతకు మించి ఏమీ అనలేదు. ముత్యాలు లోపలికి వెళ్ళిన సంగతి కూడా ఎత్తలేదు.

వారం తర్వాత లక్ష్మణరావు వచ్చాడు. నిజంగానే బాధపడ్డాడు. సమాధి దగ్గర నిలబడి అలవాటు కొద్దీ ఒడియాలో చదివాడు. కొండలు దూరంగా నిలబడ్డాడు. చదవడం అయ్యాక పాదిరి అతని దగ్గరికి వచ్చాడు.

"మీ అమ్మ నీకోసం ఎంత ప్రార్థన చేసి ఉంటుందో ఆలోచించు, దానియేలూ. ఆమె కోసమైనా తిరిగి రావచ్చు కదా."

"అమ్మ ఉన్నన్నాల్లూ ఒక్కసారి కూడా నన్ను రమ్మనలేదు అయ్యగారూ" అన్నాడు కొండలు. "మీరు ఎందుకు రమ్మంతన్నారు?"

లక్ష్మణరావు పాక వైపు తిరిగాడు. పాకలోని బల్ల బండిలో వేయించుకోనా అని అడిగాడు. తీసుకెళ్ళమన్నాడు కొండలు. బండి కదిలేసరికి ఒడ్డున అలివి వల లాగడానికి పిలుపు వచ్చింది. అతను పంచె ఎగగట్టి తాడు దగ్గరికి వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

ఆ తర్వాత జాలరిపేటలో క్రైస్తవులమని చెప్పుకునే మనిషి ఒక్కరూ లేరు.